అక్క మంచం కింద సమురాయ్ కత్తి

మా ఇంట్లో దెయ్యాల మాట ఎప్పుడూ లేదు. అమ్మని బైబిలు నమ్మనివ్వదు, నన్ను చదువు నమ్మనివ్వదు. అమ్మ మా చర్చిలో స్త్రీల సమాజానికి ప్రార్థన చేయించే మనిషి. నేను మెకానికల్ డిప్లొమా చదివి, నక్కపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో తయారైన సరుకు తనిఖీ చేస్తాను. కొలిచి చూడనిదే దేన్నీ పాస్ చేయకూడదు, అదీ నా పని. ఇది కూడా అలాగే రాస్తున్నాను. చూసింది చూసినట్టు. ఊహించింది ఉంటే, ఊహించానని చెప్పి.

ముందు కత్తి సంగతి.

హాల్లో టీవీ పైన గోడకి ఒక సమురాయ్ కత్తి పెట్టుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక. అసలైనవి మనం కొనగలిగేవి కావు. అలంకారానికని చేసినవి మాత్రం నా జీతానికి అందుతాయి. వాటిలోనూ ఏది పడితే అది కొనలేదు. ఒర చెక్కదై ఉండాలి, ప్లాస్టిక్ కాకూడదు. పిడి మీది తాడు నిజంగా అల్లి ఉండాలి, బొమ్మలా అచ్చు వేసి ఉండకూడదు. స్టాండ్ దాంతోపాటే రావాలి. అన్నిటికంటే ముఖ్యం, అంచుకి పదును ఉండకూడదు. పదునున్న అంత పొడుగు కత్తి ఇంట్లో ఉంటే పోలీసులతో చిక్కు రావచ్చు. పైగా అక్క పురిటికి రాబోతోంది, ఇంట్లో పసిబిడ్డ ఉంటుంది. ఇవన్నీ సరిపోయినది ఆన్‌లైన్‌లో దొరికితే ఆర్డర్ పెట్టాను.

కొరియర్ ఆఫీసాయన పెట్టె పొడుగు చూసి, "ఏటి బాబూ, నర్సీపట్నంలో ఎవరి మీద యుద్ధం?" అన్నాడు.

ఇంటికి తెచ్చి విప్పి చూశాను. అమ్మినవాళ్లు చెప్పినట్టే ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు. అంచు గుండ్రంగా, మొద్దుగా ఉంది. దాంతో వెన్నముద్ద తప్ప మరేదీ తెగదు.

కొద్దిరోజులకి అక్కకి ఆపరేషన్ చేసి పాపని తీశారు. అక్క పేరు కరుణ, అత్తవారిది ఎస్. రాయవరం. ఆసుపత్రి నుంచి మా ఇంటికి తీసుకొచ్చి, లోపలి గదిలో పడుకోబెట్టాం. పాపకి అమ్మ తన పాత పసుపు నూలుచీరతో ఉయ్యాల కట్టింది. గది కప్పుకి ఉన్న కొక్కేనికి తాడు, తాడుకి చీర.

ఆ మర్నాడు హాల్లో చూస్తే స్టాండ్ ఖాళీగా ఉంది. కత్తి అక్క మంచం కింద, ఒరలోనే ఉంది.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. బాలింత దగ్గర ఇనుము ఉంచుతారు. గాలీ ధూళీ సోకకుండా అంటారు. పాస్టరు గారికి ఇలాంటివి నచ్చవు. మా అమ్మమ్మల నాడే చర్చిలో చేరిన ఇళ్లయినా, ఆడవాళ్లు మాత్రం ఈ ఒక్కటీ నోరెత్తకుండా చేసేస్తుంటారు. మామూలుగా కొడవలో, ఇనప మేకో పెడతారు. అమ్మ నా కత్తి పెట్టింది.

ఇదేం పనమ్మా అని అడిగాను.

"ఇనుమే కదరా. కత్తిపీట పెట్టేస్తే కూర దేంతో తరగను?"

తలకింద బైబిలు పెట్టావు కదా, మళ్లీ ఇదెందుకన్నాను.

"బైబిలు తలకింద ఉంది, ఇది మంచం కింద ఉంది. దేని సోటు దానిది."

అక్క పొట్ట పట్టుకుని, "నవ్వించకండి, కుట్లు లాగేస్తన్నాయి" అంది. ఆ వారమంతా అక్క నవ్వింది అప్పుడొక్కసారే. అందుకే నేను కత్తి తియ్యలేదు.

అక్కకి నిద్ర పట్టేది కాదు. పట్టినా ఉలిక్కిపడి మేలుకుని, పాప ఏదీ అని వెతుక్కునేది. ఒకసారి అమ్మ లేనప్పుడు నాతో, పాపని ఎత్తుకుంటే చేతులు తనవి కానట్టు ఉంటున్నాయని, తన చేతులతో తనే పాపకి ఏమైనా చేసేస్తుందేమోనని భయంగా ఉందని చెప్పింది. డాక్టరమ్మ గారిని అడిగాను. కాన్పు తర్వాత కొందరికి అలా ఉంటుందని, ఒంటరిగా వదలొద్దని చెప్పి, మందు రాసిచ్చారు. అప్పటినుంచి ఎవరో ఒకరం అక్క దగ్గర ఉంటున్నాం.

ఆ రోజు నాకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ స్త్రీల సమాజానికి వెళ్లింది. వీధి తలుపు నేనే లోపల్నుంచి గడియ పెట్టాను. పాప ఉయ్యాలలో, అక్క మంచం మీద. ఇద్దరూ నిద్రపోయారు. నేను హాల్లో, గది తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని లాప్‌టాప్ చూస్తున్నాను. కునుకు తియ్యలేదు. ఆ గదికి మరో తలుపు లేదు. కిటికీకి గ్రిల్లు, దానిపైన దోమల జాలీ. రెండూ బిగించే ఉన్నాయి.

నాకు చప్పుడేమీ వినిపించలేదు. అక్క మెల్లగా పిలిచింది.

"ఒరే, పాపని నువ్వు దింపావా?"

వెళ్లి చూశాను. పాప అక్క పక్కన, గోడవైపు, తువ్వాలు కప్పుకుని నిద్రపోతోంది. ఉయ్యాల చీర అడుగున రెండుగా తెగి, రెండు ముక్కలూ వేలాడుతున్నాయి. మడతలన్నీ ఒకే గీతలో తెగాయి. ఒక్క పోగు కూడా పీచులేవలేదు. అలా తెగితే పాప గచ్చుమీద పడాలి. పడలేదు.

వంగి మంచం కింద చూశాను. కత్తి అమ్మ పెట్టినచోటే ఉంది. ఒర మూతికీ, పిడి దగ్గరి గుండ్రటి రేకుకీ మధ్య పసుపు నూలుపోగు ఒకటి ఇరుక్కుని ఉంది.

కత్తి బయటికి తీసి, మళ్లీ ఒరలో పెడితే తప్ప పోగు అలా ఇరుక్కోదు. ఇది ఊహే. కానీ ఇంకోలా ఊహించడం నాకు చేతకాలేదు.

కత్తిని ఒరతో సహా పైకి తీస్తే, ఆ పోగుని అక్క కూడా చూసింది. ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని లేచి, పాపకి దూరంగా, మంచం ఈ చివరికి జరిగి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నేనే చేశానేమో చూసి చెప్పు. నువ్వేది చెప్తే అది నమ్ముతాను" అంది.

అబద్ధం చెప్పి ఊరుకోబెట్టవచ్చు. కానీ అక్క నన్ను చిన్నప్పటినుంచి ఎరుగును. నేను కొలవకుండా చెప్పే మాట ఆమె దగ్గర చెల్లదు. నేనే నమ్మని మాట చెబితే, ఇక ఆమె తన బిడ్డని ముట్టుకోదు.

అమ్మ వచ్చాక ఆమెని అక్క దగ్గర కూర్చోబెట్టి, తెగిన చీరలో మిగిలిన గుడ్డతో హాల్లో మళ్లీ ఉయ్యాల కట్టాను. పాప బరువుకి సరిపడా బియ్యం మూట కట్టి అందులో పెట్టాను. కత్తి తీసి బలంకొద్దీ కొట్టాను. ఉయ్యాల ఊగి పక్కకి పోయింది. గుడ్డని ఒక చేత్తో బిగపట్టి రంపంలా లాగాను. ముడతపడి నలిగింది, తెగలేదు. కత్తిపీటతో కోస్తే పీచులేచింది. కత్తెరకి అన్ని మడతలు ఒక్కసారిగా లొంగలేదు. మొదటి గీతలాంటిది దేనితోనూ రాలేదు.

ఇంకొకటి. కుట్లతో ఉన్న అక్క మంచం మీద లేచి కూర్చోవాలంటేనే మా చెయ్యి అందించాలి. వంగి మంచం కింది వస్తువు తియ్యడం కుదరని పని.

అక్కని మెల్లగా నడిపించి తీసుకొచ్చి అంతా చూపించాను. కత్తి ఆమె చేతికిచ్చి, నువ్వూ కోసి చూడు అన్నాను. చాలాసేపు ప్రయత్నించింది. తెగలేదు. అప్పుడు ఏడ్చింది. తర్వాత వెళ్లి పాపని ఒళ్లోకి తీసుకుంది.

అక్క చెయ్యలేదని తేల్చాను. మరి ఎవరు చేశారన్నది తేల్చలేకపోయాను.

అమ్మకి మాత్రం అనుమానం లేదు. చీరకి ఏదో కీడు రాబోతుంటే దేవదూత పాపని ముందే దింపేశాడంది. ఆదివారం చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతానంది. అత్తవారి చెవిన పడుతుందని అక్క బతిమాలింది. అమ్మ వినలేదు. తీరా ఆదివారం చర్చి పిల్లల చదువుల గురించి సాక్ష్యం చెప్పి కూర్చుంది. ఇంటికొచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే మంచం కింద నాను పెట్టిన ఇనుము సంగతి కూడా సెప్పాలి కదరా" అంది.

అనుకున్నదానికంటే ముందే బావ వచ్చి అక్కనీ పాపనీ తీసుకెళ్లాడు. కత్తి పంపుతానని అమ్మ అనలేదు, అక్క అడగలేదు. అక్క ఇప్పుడు కులాసాగా ఉంది. మందు వాడటం అయిపోయింది, నిద్రపోతోంది, పాప బోర్లాపడింది. ఉయ్యాల మాత్రం కట్టనివ్వదు.

కత్తి పారేద్దామని ఒకటికి రెండుసార్లు అనుకున్నాను. తాండవ కాలువ దూరమేమీ కాదు. కానీ అక్క ఒప్పుకోలేదు. తన చేతులు ఆ పని చెయ్యలేదనడానికి ఉన్న రుజువు ఆ మొద్దు అంచు ఒక్కటేనట. అది ఇంట్లో లేకపోతే తన మీద తనకి మళ్లీ అనుమానం మొదలవుతుందంది. అందుకని బట్టలో చుట్టి నా బీరువాలో పెట్టాను.

అప్పుడప్పుడు అక్క ఫోన్ చేస్తుంది. పాప కబుర్లన్నీ చెప్పి, పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడుగుతుంది.

"పదును లేదు కదరా?"

ఒక్క నిమిషం ఉండమంటాను. బీరువా తెరిచి, ఒర తీసి, అంచు పొడుగునా మెల్లగా వేలు పెట్టి చూస్తాను. మొద్దుగానే ఉంటుంది. అప్పుడు లేదక్కా అంటాను. స్టీలు బీరువాలో పడి ఉంటే దానంతటది పదునెక్కదని నాకు తెలుసు. తెలిసినా, వేలు పెట్టి చూడకుండా ఆ మాట అనే ధైర్యం నాకింకా రాలేదు.