నూలు మిల్లు ఉయ్యాలల కేసు

నూజివీడు కోర్టులో సీతారామాంజనేయులుకి మామిడి తోటల ప్లీడరని పేరు. గుత్త కాగితాలు, గట్టు తగాదాలు, దారి వివాదాలు, ఆయన దగ్గరికి వచ్చేవి ఇవే. పేరు మరీ పొడుగు కనక ఊళ్ళో అందరూ ఆంజనేయులు గారని కుదించుకున్నారు. ఆయన వాదన కూడా పొడుగే గాని, దాన్ని కుదించే ఉపాయం మాత్రం ఎవరికీ తోచలేదు. ఒక చిన్న రసాల మామిడి చెట్టు ఎవరి హద్దులో ఉందో తేల్చడానికి ఆయన పొద్దున పదకొండింటికి లేచి నిలబడి, భోజనాలకి కోర్టు లేచేదాకా కూర్చోలేదు. చెట్టు ఆయన క్లయింటుకే వచ్చింది. న్యాయం కన్నా ఆకలే ఎక్కువ పని చేసిందని గుమాస్తాలు చెప్పుకున్నారు.

1961 ఏప్రిల్లో శ్రీరాములు అనే పళ్ళ వర్తకుడు ఆయన అరుగెక్కాడు. ఆగిరిపల్లి రోడ్డులో నూలు మిల్లు కెదురుగా ఉన్న తోటని శ్రీరాములు ఆ ఏడు గుత్తకి తీసుకున్నాడు. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు ఆ చెట్లకి చీర ఉయ్యాలలు కట్టి, పసిపిల్లల్ని పడుకోబెట్టి లోపలికి వెళ్తున్నారట.

"ఒకటీ రెండూ కాదండీ, పంతొమ్మిది ఉయ్యాలలు! కొమ్మకో బిడ్డ. కాయ కొయ్యడానికి మనిషి చెట్టెక్కాలంటే కింద ఎవడి మీద పడుతుందోనని భయం. ఒక నోటీసు పడెయ్యండి" అన్నాడు శ్రీరాములు.

ఆంజనేయులు పడేశాడు. మూడు పేజీలు. ఆ ఆడవాళ్ళలో పెద్దతలకాయ ఎవరని వాకబు చేస్తే లేయా అని తెలిసింది. నోటీసు ఆమె పేరనే వెళ్ళింది.

నాలుగో రోజున లేయా ఆ కాగితం పట్టుకుని నేరుగా ఆయన ఇంటికే వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. జుట్టులో దూదిపింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మిల్లులో నూలుని చిలపలుగా, అంటే కట్టలుగా, చుట్టే విభాగంలో పని; దాన్ని ఖాతా అంటారు. మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివింది.

"మొత్తం చదివానండి. అక్షరాలు ముత్యాల్లాగున్నాయండి" అంది.

ఆంజనేయులు కొంచెం పొంగాడు. ఆయన నోటీసు మొత్తం చదివిన మొదటి మనిషి ఆమె. క్లయింట్లు కూడా కింద సంతకం చూసి మడిచేసేవారు.

"ఉయ్యాలలు తీసెయ్యమన్నారు. సరేనండి. ఎక్కడ కట్టుకోవాలో అది మటుకు రాయలేదండి. ఆ ముక్క కూడా రాసిస్తే అక్కడే కట్టుకుంటాం."

ఆయన నోటీసు తీసుకుని తిరగేసి చూశాడు. "మిల్లులో కట్టుకోండి" అన్నాడు చివరికి.

"రానివ్వరండి. గేటు దగ్గరే ఆపేస్తారు. మధ్యలో పాలివ్వడానికి బయటికి పంపరు."

లోపల్నించి ఆయన భార్య పుష్పావతి గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, మిల్లులో చంటిపిల్లలకి గది ఉండాలని చట్టం ఏదో లేదూ? పోయిన నెల్లో పత్రిక చదువుతూ మీరే చెప్పారు. గంటసేపు" అంది.

ఉంది. ఫ్యాక్టరీల చట్టం. యాభైమంది కన్నా ఎక్కువ ఆడవాళ్ళు పనిచేసే చోట పసిపిల్లలకి గది ఉండాలి, చూసుకోవడానికి మనిషి ఉండాలి. ఆంజనేయులు బీరువా తీసి పుస్తకం దులిపి, తుమ్మి, ఆ పేజీ చదివి వినిపించాడు.

"మీరెంతమంది?"

"ఎనభై ఆరండి. రిజిస్టర్లో మాత్రం నలభై తొమ్మిది పేర్లే ఉంటాయండి. మిగతా అందర్నీ రాని వాళ్ళ బదులు వచ్చే బదిలీ కూలీలంటారు. రోజూ వస్తాం, రోజూ బదిలీయే."

నలభై తొమ్మిది! ఆ లెక్క వేసిన బుర్రని ఆంజనేయులు ఒక క్షణం మనసులో మెచ్చుకున్నాడు. తర్వాత ఒళ్ళు మండింది. మామిడి తోటల కేసుల్లో ఆయనకి ఒళ్ళు మండడం అన్నది ఎప్పుడూ జరగలేదు. కాసేపు అది అజీర్ణం అనుకున్నాడు.

ముందు శ్రీరాములు సంగతి చూశాడు. పిల్లల దగ్గర కాపలా ఉండే ముసలమ్మ తోటలో కోతుల్ని కూడా అదిలించేట్టూ, రోడ్డు వైపు పది చెట్లకే ఉయ్యాలలు కట్టేట్టూ ఒప్పందం కుదిర్చాడు. ఆలోచిస్తే శ్రీరాములుకి కోతుల కన్నా పిల్లలే నయమనిపించింది.

ఆ తర్వాత, మిల్లుని గది అడగడానికి యూనియన్. ఏడుగురు సంతకాలు పెడితే చాలు, రిజిస్టరు చేయించవచ్చు. ఏడు సంతకాలంటే ఎంతసేపు అనుకున్నాడు ఆంజనేయులు. మొదటి మీటింగు ఒక ఆదివారం సాయంత్రం లేయా వాళ్ళ పేటలో పెట్టారు. ఆయన ఇంగ్లండులో మొదటి బట్టల మిల్లు దగ్గర్నించి ఎత్తుకున్నాడు. ఆవిరి యంత్రం దగ్గరికి వచ్చేసరికి ముందు వరస ఆడవాళ్ళు అన్నం వండుకోవాలని లేచారు. చట్టసభ దగ్గరికి వచ్చేసరికి వెనక వరస లేచింది. మన దేశంలోకి అడుగుపెట్టేసరికి లేయా, అదే మిల్లులో పనిచేసే ఆమె మొగుడు జోజి, ఒక మేక మిగిలారు. జోజి నిద్రపోతున్నాడు.

"అయ్యగారండి, కోపం రాదంటే ఒక మాట. మీరు చెప్పేది మంచిదేనండి. కానీ మా దగ్గర అంత పొద్దు లేదండి" అంది లేయా.

ఆమె చెప్పిన పద్ధతి వేరు. మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకి ఆయనే తోటకి రావాలి. వాళ్ళు బిడ్డలకి పాలిచ్చి ఇంటిదారి పట్టేలోపల, అటు మొహం తిప్పి కూర్చుని, ఒక్కొక్కళ్ళకి ఒక్కటే సంగతి చెప్పాలి. కోర్టు లేని రోజుల్లో ఆంజనేయులు అలాగే చేశాడు. చెట్టు మొదలు వైపు తిరిగి కూర్చుని, ఆ బెరడుకి ఫ్యాక్టరీల చట్టం బోధిస్తున్నట్టు మాట్లాడేవాడు. ఎవరో ఒకరు వెనక నించి ప్రశ్న వేసేవారు. "సంతకం పెడితే పని తీసేస్తారాండీ?" అనే ప్రశ్న రోజూ వచ్చేది. తీసెయ్యరని మొదట్లో చెప్పాడు. నాగమణి అనే పిల్లని ఆయనతో మాట్లాడిందన్న కారణానికి వారం రోజులు గేటు బయట నిలబెట్టాక, "తీసెయ్యొచ్చు. తీసేస్తే నేను చూస్తూ ఊరుకోను" అని చెప్పడం మొదలుపెట్టాడు. చిత్రంగా, ఆ రెండో జవాబు విన్నాకే సంతకాలు పడ్డాయి. లేయా మొదటిది, నాగమణి రెండోది.

పేచీ అధ్యక్షుడి దగ్గర వచ్చింది. అందరూ ఆయన్నే ఉండమన్నారు. బయటి మనిషి ఉండొచ్చని చట్టం కూడా ఒప్పుకుంటుంది. కానీ ఆంజనేయులు అన్నగారు లక్ష్మీనరసింహారావు మామిడి వ్యాపారి. సీజన్లో ఆయన బుట్టలన్నీ మిల్లు వాళ్ళ లారీల్లోనే విజయవాడ స్టేషనుకి వెళ్ళేవి. అన్నగారి ఎదుట ఆంజనేయులు నలభై రెండేళ్ళు వచ్చినా ఇంకా కుర్చీలో కూర్చునేవాడు కాదు.

"నేను సలహాదారుగా ఉంటాను" అన్నాడు. అలాంటి పదవి చట్టంలో ఎక్కడా లేదు. అందుకే ఆయనకి నచ్చింది. జోజి అధ్యక్షుడూ, లేయా కార్యదర్శీ అయ్యారు. జోజికి ఈ సంగతి మర్నాడు తెలిసింది.

కాగితాలు తిరిగి తిరిగి, మరుసటి మార్చిలో విజయవాడలో లేబర్ ఆఫీసరు దగ్గర రాజీ విచారణ పడింది. ఆంజనేయులు నలభై పేజీలు రాసుకున్నాడు. పెళ్ళినాటి నల్లకోటు ఇస్త్రీ చేయించుకున్నాడు. బస్సులో కోటు నలగకుండా నిటారుగా కూర్చుని వెళ్ళాడు. పక్క సీట్లో జోజి, ముందు సీట్లో లేయా.

గదిలోకి వెళ్ళి నమస్కారం పెట్టగానే లేబర్ ఆఫీసరు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "మీరెవరండీ?"

"వీళ్ళ తరఫు ప్లీడర్నండీ."

"రాజీ విచారణలో ప్లీడర్లకి ప్రవేశం లేదండీ. యూనియన్లో పదవేమైనా ఉందా?"

"సలహాదారుణ్ణండీ."

"అది పదవి కాదు గదండీ" అన్నాడాయన, నొప్పించకుండా.

ఎదురుగా కూర్చున్న మిల్లు మేనేజరు ప్రభాకరరావు మీసం చాటున నవ్వుకున్నాడు. ఆ నిబంధన ఆంజనేయులుకి తెలియంది కాదు. ఆ పేజీ చదివాడు, పక్కన పెన్సిలుతో గీత కూడా గీశాడు. అది తన గురించేనని మాత్రం తట్టలేదు. నలభై పేజీలూ లేయా చేతిలో పెట్టి బయటికి నడిచాడు.

ఆఫీసు వెనక కిటికీ పక్కన చప్టా ఉంది. ఎండలో కోటుతోనే అక్కడ కూర్చున్నాడు. లోపల మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. లేయా కాగితాలు విప్పిన చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. చప్పుడు లేదు.

మేనేజరు రిజిస్టరు చూపించాడు. "నలభై తొమ్మిదిమందే సార్. చట్టం మాకు వర్తించదు. మిగతావాళ్ళు మా మనుషులే కారు."

"ఏమంటావమ్మా?" అన్నాడు ఆఫీసరు.

బదిలీ కూలీల వాదన ఉన్నది పదకొండో పేజీలో. 'పదకొండో పేజీ, పదకొండో పేజీ' అని ఆంజనేయులు పెదవులు కదుపుతున్నాడు.

"మేనేజరుగారు చెప్పింది నిజమేనండి" అంది లేయా. ఆంజనేయులు చప్టా మీంచి సగం లేచాడు. "రిజిస్టర్లో లేనోళ్ళం ముప్ఫై ఏడుగురం. మేం వాళ్ళ మనుషులం కాకపోతే రేపట్నించి రామండి. లేనోళ్ళు రాకపోతే అది సమ్మె అవదు గదండి. వాళ్ళకి నష్టం కూడా ఉండదు. ఆ ముక్కే రాసి సంతకం పెట్టమనండి, మేమూ పెడతాం."

లోపల ఎవరో దగ్గారు. అప్పటికి మిల్లులో నూలు ఆర్డర్లు పీకలదాకా ఉన్నాయని, ఆ ముప్ఫై ఏడుగురూ రెండ్రోజులు రాకపోతే చిలపలు చుట్టే ఖాతా ఆగిపోతుందని గదిలో అందరికన్నా బాగా తెలిసినవాడు ప్రభాకరరావే.

"అలా కాదు సార్... కొంచెం ఆలోచించుకుంటాం" అన్నాడు.

చప్టా మీద ఆంజనేయులు కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె చెప్పింది ఏ పేజీలోనూ లేదు. సంతోషం వేసింది, దాని వెనకే చిన్న అసూయ కూడా వేసింది. అసూయ సంగతి ఇంటికొచ్చాక పుష్పావతికి చెప్పాడు. "పోనీలెండి, మీరు బయట ఉండబట్టి తొందరగా తేలింది" అంది ఆవిడ.

ఆలోచించుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఎనభై ఆరు పేర్లూ రిజిస్టరుకెక్కాయి. వేసవి ముగిసేలోపల మిల్లు ఆవరణలో పెంకుటి గది లేచింది. నాగమణి అత్త అందులో ఆయాగా కుదిరింది. ప్రారంభం రోజున ప్రభాకరరావు రిబ్బను కత్తిరించి, ఈ ఆలోచన యాజమాన్యానికి ఎప్పట్నించో ఉందని ప్రసంగించాడు. జనం బాగా చప్పట్లు కొట్టారు.

ఆ మరుసటి ఏడు యూనియన్ వాళ్ళు మళ్ళీ అడిగితే ఆంజనేయులు ఈసారి అధ్యక్షుడయ్యాడు. ఆ మాట చెప్పడానికి అన్నగారింటికి వెళ్ళి, చెప్పే ముందు కుర్చీలో కూర్చున్నాడు. లక్ష్మీనరసింహారావు రెండు మామిడి సీజన్లు ఆయనతో మాట్లాడలేదు. మూడో ఏడు మిల్లు లారీ డ్రైవరుతో తగువొచ్చి, తమ్ముణ్ణి పిలిపించి సలహా అడిగాడు.

1968 యూనియన్ ఎన్నికల్లో అధ్యక్ష పదవికి లేయా నిలబడింది. ఆంజనేయులు కూడా నిలబడ్డాడు. తప్పుకోమని ఆమె అడగలేదు, ఆయనకీ తప్పుకోవాలనిపించలేదు. అప్పటికి మిల్లు మగవాళ్ళు కూడా యూనియన్లో చేరారు; నూట పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. రెండ్రోజులు అలిగి కోర్టు పనే చూసుకున్నాడు. మూడో రోజున లేయా ఒక ట్రిబ్యునల్ కాగితం పట్టుకుని అరుగు మీదికొచ్చి, బెంచీ మీద కూర్చుంది.

"ఇది తెలుగులో ఏమంటుందో చెప్పండి ప్లీడరుగారూ. మధ్యాహ్నం షిఫ్టుకి పోవాలి" అంది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. పుష్పావతి ఇద్దరికీ కాఫీ తెచ్చింది.