నూరాన్ అక్క ఫోటో, నేను పాడుచేసిన రీలు

మా చిన్నప్పుడు నాన్న కెమెరా ఉన్న బీరువా దగ్గరికి వెళ్తే చాలు... "ఏయ్, ముట్టుకోకు" అని కేక వినపడేది. నాన్న దోహాలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవారు. మాది అమలాపురం దగ్గర ఊరు. దోహాలోనే అల్ ఘర్రాఫా అనే పేటలో ఒక పెద్ద విల్లాని వాటాలు వేసి అద్దెకిస్తే, అందులో ఒక వాటాలో ఉండేవాళ్ళం. పక్క వాటాలో టర్కీ వాళ్ళు.

వాళ్ళమ్మాయే నూరాన్ అక్క. నాకు పన్నెండేళ్ళు, తనకి పంతొమ్మిది. ఇస్తాంబుల్‌లో డాక్టరు చదువు. తనంటే నాకు ఎంత కుళ్ళో చెప్పలేను... అట్టపెట్టె నిండా పట్టు స్కార్ఫులు. లేత నీలం, దానిమ్మ రంగు... మడత నలిగేది కాదు. అద్దం చూసుకోకుండానే నాలుగు గుండుసూదులతో తలకి చక్కగా కట్టేసుకునేది. నాకేమో రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.

అంతకన్నా మంట మా అమ్మతోనే. "ఆ పిల్లని చూసి నేర్చుకోవే" అని రోజుకి రెండుసార్లు. ఊరి నుంచి పూతరేకులు వస్తే ముందు తనకి తీసిపెట్టి, మిగిలినవి నాకిచ్చేది.

ఆ ఏడు సెలవులకొచ్చిన అక్క గదిలోంచి బయటికే రాలేదు. అక్కడి కాలేజీల్లో తలకి స్కార్ఫు కట్టుకొస్తే రానివ్వడం లేదట. మళ్ళీ పేరు రాయించుకోవాలంటే తల మీద ఏమీ లేకుండా దిగిన ఫోటోలు ఆరు పంపాలట.

"వాళ్ళదీ ముస్లిం దేశమే కదండీ?" అని అమ్మ నాన్నని అడిగింది.

"అక్కడ గవర్నమెంటు రూలు అంతేనంట" అన్నారు నాన్న.

నిజం చెప్తున్నా, నాకు జాలి కలగలేదు. ఒక్క గుడ్డ తీయడానికి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. అమ్మ మాత్రం కళ్ళు తుడుచుకుంది. మేం క్రైస్తవులం. శుక్రవారాలు తెలిసినవాళ్ళ హాల్లో చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళం. "ప్రార్థనలో ముసుగు జారితేనే నాకు ప్రాణం ఎలాగో అయిపోద్ది. పాపం, ఆ పిల్లకి ఎలా ఉంటాదో" అంది.

మగవాళ్ళ ముందు తల మీద స్కార్ఫు తీయలేనంది నూరాన్ అక్క. ఆ ఫోటోని కాలేజీలో ఎవరెవరు చూస్తారో ఎలాగూ తన చేతిలో లేదు, కనీసం తీసేది ఆడమనిషి అయితే చాలంది. దాంతో నాన్న బీరువాలోంచి కెమెరా తీసి అమ్మకి నేర్పారు. కాఫీ చల్లారేలోపు నేర్పడం అయిపోయింది... ఏళ్ళ తరబడి నన్ను వేలు పెట్టనివ్వని కెమెరా! గుమ్మంలో నిలబడ్డ నావైపు నాన్న చూడనైనా లేదు.

గోడకి తెల్ల దుప్పటి కట్టి తలుపేసుకున్నారు. నేను బయట. లోపల క్లిక్, క్లిక్... తర్వాత అక్క ఏడుపు. "ఊరుకో నా తల్లీ, నా బంగారం" అని అమ్మ ఓదార్పు. అమ్మ నన్నెప్పుడు బంగారం అందో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఒళ్ళు మండిపోయింది.

అమ్మ అక్కని వాళ్ళింట్లో దిగబెట్టడానికి వెళ్ళింది. కెమెరా మంచం మీద ఉంది. వెనక మూత తెరిస్తే వెలుతురు తగిలి రీలు పాడైపోతుందని ఫోటోలు తీసేవాడి కూతురికి తెలియదా... తెరిచాను. కిటికీలోంచి ఎండ పడింది. మూసేసి, ఏమీ ఎరగనట్టు హోంవర్కు ముందేసుకున్నాను.

మర్నాడు నాన్న కడిగితే రీలంతా నలుపే. "మూతెవరైనా తీశారా?" అన్నారు.

అమ్మ మొహం పాలిపోయింది. "నేనే ఏదో నొక్కేసుంటానండీ. నాకెందుకొచ్చిన పని" అంది. నేను తల వంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండిపోయాను.

ఫోటోలు పంపే గడువు దగ్గరపడింది. అమ్మ ఇక కెమెరా ముట్టనంది. "బుజ్జి తీస్తాదిలెండి" అంది. నాన్న కెమెరా నా మెడలో వేశారు. అంతకాలం ఏడ్చినా దొరకనిది అలా దొరికింది.

అక్క దుప్పటి ముందు స్టూలు మీద కూర్చుంది. ఒక్కో గుండుసూదీ తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు. ఇదంతా రెండోసారి, నా వల్ల. కెమెరాలోంచి చూస్తే ఆ జుట్టు నేననుకున్నంత గొప్పగా ఏమీ లేదు, నా జుట్టులాంటిదే. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. ఎటు చూడాలో తెలియక తన చేతులకేసే చూసుకుంటోంది.

"యల్లా బుజ్జీ, తొందరగా" అంది. నేను నొక్కడం మొదలుపెట్టాను.

ఆఖరి క్లిక్ కాగానే అమ్మ గబగబా తన కొంగు తీసి అక్క తలమీద కప్పేసింది. అప్పుడు కూడా కుళ్ళుకున్నానా అంటే... అవును, కొంచెం. ఆ కొంగు నాదనిపించింది.

నాన్న ఆ రీలుని స్టూడియోలో ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా తనే కడిగారు. ఆరు ఫోటోలూ, నెగటివూ కవర్లో పెట్టి వాళ్ళకే ఇచ్చేశారు. అక్క వెళ్ళింది, చదువు పూర్తిచేసింది.

ఇప్పుడు ఆ దేశంలో ఆ రూలు లేదు. నూరాన్ అక్క అక్కడే పిల్లల డాక్టరు. మొన్న ఆసుపత్రిలో దిగిన ఫోటో పెట్టింది... తలకి దానిమ్మ రంగు స్కార్ఫు, ఎంత బాగుందో. చూడగానే మళ్ళీ పన్నెండేళ్ళ కుళ్ళు. అమ్మ కూడా ఏం మారలేదు, ఫోన్ చేస్తే నాకంటే ముందు "నా బంగారం ఎలా ఉందంట?" అని తన గురించే అడుగుతుంది.

రీళ్ళు పోయాయి, కెమెరాలు అందరి చేతుల్లోకీ వచ్చాయి. మా పాప పుట్టినరోజుకి మా ఇంటికొచ్చిన అమ్మకి ఫోనిచ్చి, "ఒక్కటి తియ్యమ్మా" అన్నాను. అమ్మ చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నాకొద్దే. నా చెయ్యి పడితే పాడైపోద్ది. ఆ పిల్లని రెండుసార్లు ఏడిపించాను, చాలదా?" అంది.

ఇన్నేళ్ళుగా అమ్మ అలాగే అనుకుంటోంది... నేను అనుకోనిచ్చాను.

అమ్మ పక్క గదిలోనే ఉంది. ఇదంతా ఇప్పుడు వెళ్ళి తనకి చదివి వినిపిస్తాను. మీరూ చిన్నప్పుడు కుళ్ళుతో చేసి, ఇంట్లో ఇంకొకరి మీదికి పోనిచ్చిన పని ఏదైనా ఉంటే కింద రాయండి... తిరిగొచ్చాక చదువుకుంటాను, తోడుగా ఉంటుంది.