శుభలేఖలో లేని మావయ్య

నా పెళ్లి శుభలేఖలు తెనాలిలో అచ్చయ్యాయి. మొదటి కార్డు బాపట్ల పెద్ద మావయ్యకి ఇచ్చాకే తెలిసింది, అందులో ఆయన పేరు లేదని. రేపల్లె చిన్న మావయ్య పేరొక్కటే ఉంది. కార్డు ఇవ్వడానికి వెళ్లిన అమ్మ ఏడుస్తూ తిరిగొచ్చింది. నాన్న పోయాక మమ్మల్ని బాపట్ల తీసుకెళ్లి, నన్ను చదివించింది పెద్ద మావయ్యే. రేపు పెళ్లిలో నన్ను గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవాల్సిన మనిషి. "ఇక రాడేమోనే" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా ప్రెస్సుకి వెళ్లి, "ఏంటన్నయ్యా ఇది?" అని ఓనర్ మీద విరుచుకుపడ్డాను. కార్డులు కూర్చే ప్రోగ్రాం ఆయనే ఎప్పుడో పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసుకున్నాడట. నా ఉద్యోగమూ పెర్ల్‌తోనే. కుర్చీ లాక్కుని చూశాను. మేనమామ అనో బాబాయి అనో వరస ఏది కొడితే ఆ మాటే వేరియబుల్‌కి, అంటే ఒక డబ్బా లాంటిదానికి, పేరైపోతుంది; మనిషి పేరు అందులో పడుతుంది. భలే సులువు! కానీ నాకు మేనమామలు ఇద్దరు. ముందు పెద్దాయన పేరు కొట్టారు, తర్వాత అదే వరసతో చిన్నాయనది. రెండోది వచ్చి మొదటిదాన్ని చెరిపేసింది. కొట్టిన మాటని ఇలా వేరియబుల్ పేరు కానివ్వకుండా అడ్డుకునే లైను ఒకటుంటుంది పెర్ల్‌లో. "అది పెడితే ప్రోగ్రాం నడవట్లేదమ్మా, తీసేశా" అన్నాడు ఓనర్. తల బాదుకోవాలనిపించింది.

అయినా ప్రాణం లేచొచ్చింది. తప్పు మాది కాదు, మిషనుది! కొత్త కార్డు వేయించి, మర్నాడే బాపట్ల రైలెక్కాను.

మావయ్య కాఫీ ఇప్పించాడు. ఒకే పేరుతో రెండు పెడితే మొదటిది ఎలా పోతుందో కాగితం మీద గీసి మరీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"అర్థమైందమ్మా. అచ్చుకి ముందు ఒక కాపీ ఇంటికి పంపుతారుగా, చూసుకోమని?"

"పంపారు మావయ్యా."

"ఎవరు చూశారు?"

అమ్మ చూసింది. చిన్న మావయ్య చూశాడు. నేనైతే ముహూర్తం, హాలు పేరు రెండుసార్లు సరిచూసి, పెళ్లికొడుకు డిగ్రీ తప్పు పడిందని ఫోన్‌లో గొడవ కూడా పెట్టుకున్నాను. గీసిన కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

"పోనీలే. కాఫీ చల్లారిపోతోంది, తాగు" అన్నాడు.

పెళ్లికి వచ్చాడు. గంప పట్టమని కాళ్లావేళ్లా పడితే, "తమ్ముడున్నాడుగా" అన్నాడు. వెనక వరసలో కూర్చుని, అక్షింతలు వేసి, భోంచేసి వెళ్లిపోయాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! కాళ్లు పట్టుకుని ఏడ్చేదాన్ని.