నా బిడ్డ చెప్పిన సాక్ష్యం

తల్లిగా నీకు దేవుడిచ్చిన సంతోషం గురించి రెండు ముక్కలు చెప్పమ్మా అని స్త్రీల కూడికలో ఎవరైనా అడిగితే నాకు నోరు పెగలదు. సంతోషం లేక కాదు. అది గుర్తొచ్చే ముందు, గుండె ఆగినంత పనైన ఒక ఆదివారం గుర్తొస్తుంది. ఆ ఆదివారాన్ని తప్పించుకుని సంతోషం గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

మాది పూతలపట్టు. మా ఆయన పాలవ్యాను నడుపుతాడు. తెల్లారకముందే లేచి పలమనేరు పక్క పల్లెలు తిరిగి వస్తాడు. నేను ఇంట్లో కూర్చుని జాకెట్లు కుడతాను. మేమిద్దరం, మా అత్త, మూడో తరగతి చదివే మా అమ్మాయి, ఇంతే మా ఇల్లు. పక్కింటివాళ్ళు తిరుమల బస్సు ఎక్కేటప్పుడు తాళంచెవి మా అత్త చేతికిచ్చి పోతారు, మేము చర్చికి పోయేటప్పుడు మా తాళంచెవి వాళ్ళకిచ్చి పోతాం.

మా చర్చిలో అయ్యగారి ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు తమకు ఏ మేలు చేశాడో లేచి మైకు దగ్గర చెప్పుకోవాలి. ఒకరికి జ్వరం తగ్గి ఉంటుంది, ఒకరికి బోరులో నీళ్ళు పడి ఉంటాయి. చెప్పిన ప్రతి మాటకూ కూర్చున్నవాళ్ళు "స్తోత్రం" అంటారు. పిల్లలెవరైనా లేస్తే మరీ ముచ్చట. ఆ రోజు మా అమ్మాయి లేచినప్పుడు నేను కూడా ముచ్చటపడ్డాను. కంఠతా పట్టిన వాక్యం ఏదో చెబుతుంది కాబోలనుకుని గౌను వెనక నలిగితే సరిచేసి మరీ పంపించాను.

"అందరికీ ప్రభువు నామంలో వందనాలు" అని పెద్దవాళ్ళ లాగే మొదలుపెట్టింది. తర్వాత ఊపిరి కూడా తీసుకోకుండా అనేసింది.

"మా అమ్మ ప్రార్థన సెయ్యడం లేదు. ఊరికే పెదాలు ఆడిస్తాది. నేను కండ్లు తెరిసి సూసినాను. మా అమ్మ గూడా సచ్చిపోకుండా అందురూ ప్రార్థన సెయ్యండి."

వెనక బల్ల మీద ఒక ముసలాయన అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నాడు. అనేసి ఆయనకే తెలిసొచ్చి దగ్గాడు. నా చెంగు నెత్తిన ఉందో జారిందో కూడా తెలియలేదు. అయ్యగారు మంచివాడు, మెల్లగా మైకు తీసుకుని పాట ఎత్తించాడు. అందరూ పాట పాడుతూనే నన్ను చూశారు. అమ్మాయి వచ్చి ఏమీ జరగనట్టు నా పక్కన కూర్చుంది.

అది చెప్పింది నిజం. అందుకే నాకు అంత కోపం వచ్చింది.

అంతకు కొన్నాళ్ళ ముందు నాకు ఐదో నెలలో గర్భం పోయింది. తిరుపతిలో ఆసుపత్రి నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చాను. అప్పటి నుంచి నాకు దేవుడితో మాట రాలేదు. మా ఇంట్లో రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కుటుంబ ప్రార్థన ఉంటుంది. అత్త పాట ఎత్తుతుంది, ఒక అధ్యాయం చదువుతాం, తర్వాత వరసగా ఒక్కొక్కరం ప్రార్థన చేయాలి. నా వంతు వస్తే పెదాలు కదిపేదాన్ని. లోపల ఒక్క మాట ఉండేది కాదు. మనసులో ప్రార్థన చేసుకుంటున్నాననుకుని కాసేపు ఆగి అందరూ ఆమేన్ అనేవాళ్ళు. మా అత్తకు కూడా తెలియదు. ఆమె కళ్ళు మూసుకుందంటే పిడుగు పడినా తెరవదు. కళ్ళు తెరిచే మనిషి ఇంట్లో ఒకతి ఉందని నాకు తట్టనే లేదు.

చర్చి నుంచి ఇంటికి పోయే దారిలో మా అత్త ముందు నడుస్తోంది. ఆమె చర్చిలో పెద్దమనిషి, ఎవరింట్లో జబ్బు చేసినా ప్రార్థనకు ముందు ఆమెనే పిలుస్తారు. ఆమె కోడలు పెదాలు ఆడిస్తుందని ఊరందరి ముందు తేలిపోయింది. ఇంటికి పోయాక నా పని ఉందిలే అనుకున్నాను. అమ్మాయి మీద కూడా పళ్ళు నూరుకుంటున్నాను. కన్నతల్లి పరువు మైకులో తీసింది కదా.

చికెన్ పొద్దున్నే వండి పెట్టి పోయాను. రాగి సంగటి కెలికి అందరికీ వడ్డించాను. అమ్మాయి కళ్ళు మూసుకుని భోజనానికి ప్రార్థన మొదలుపెట్టింది. అన్నానికీ, నాయనకూ, వ్యానుకూ, అవ్వ మోకాళ్ళకూ, చివర్న నాకూ. నా దగ్గరికొచ్చేసరికి ప్రార్థన తెగలేదు. నన్ను బస్సు గుద్దకూడదు, నాకు జ్వరం రాకూడదు, నన్ను పాము కరవకూడదు. ఇంతింత ప్రార్థన అది చేయబట్టి చాలా రోజులైంది. బడికి పోయేముందు మోకాళ్ళూనేది, వ్యానులో నిద్రపోయినా ఉలిక్కిపడి లేచి ప్రార్థన చేసి పడుకునేది. ఎంత భక్తిగల బిడ్డను కన్నావమ్మా అని చర్చిలో నన్ను పొగిడేవాళ్ళు. నేనూ పొంగిపోయేదాన్ని. తల్లి ఎండిపోయినా బిడ్డ పచ్చగా ఉందిలే అనుకునేదాన్ని.

చేయి కడుక్కుని నా ముందుకు రమ్మన్నాను. కోపం దాచుకోలేదు. అందరి ముందూ అట్లా ఎందుకు చెప్పావని అడిగాను. అది బెదరలేదు, ఏడవలేదు. నాకే అర్థం కావడం లేదన్నట్టు చూసింది.

"నువ్వు సెయ్యకపోతే సచ్చిపోతావు గదా" అంది. "పాప మాదిరి."

పాప ఎందుకు చచ్చిపోయింది అని అడిగాను.

"నేను ప్రార్థన సెయ్యకుండా నిద్రపోయినాను. అందుకు."

కుట్టుమిషను బల్ల పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన చేతిలో చెంబు అట్లే ఉండిపోయింది.

కడుపులో బిడ్డ నిలిచిందని తెలిసిన రోజు మా అత్త అమ్మాయిని పిలిచి ఒక పని అప్పగించింది. చిన్నబిడ్డల ప్రార్థన దేవుడు వెంటనే వింటాడు, కాబట్టి పాప కోసం రోజూ నువ్వే ప్రార్థన చేయాలి అంది. మా ఇళ్ళలో అట్లా చెప్పడం మామూలే, ఎవరికీ తప్పుగా తోచదు. నాకైతే ముద్దొచ్చింది. రోజూ సాయంత్రం అది నా కడుపు మీద చెయ్యి పెట్టి పాపను కాపాడు ప్రభువా అంటుంటే నేను నవ్వుతూ పడుకునేదాన్ని. ఒక రోజు చిత్తూరులో పెళ్ళికి పోయి ఆడి ఆడి తిరుగు ప్రయాణంలో నిద్రపోయింది. ఆ మర్నాడే నాకు నొప్పులు మొదలై తిరుపతికి తీసుకుపోయారు. తిరిగొచ్చాక పాప ఏదని అడిగితే దేవుడు తీసుకున్నాడమ్మా అని చెప్పాం. అంతకు మించి ఏమీ చెప్పలేదు. మిగిలిన లెక్క ఆ బుర్రే కట్టుకుంది. నిద్రపోయిన పిల్ల మీద కోపం తెచ్చుకుని పాపను చంపేసే దేవుణ్ణి దాని మనసులో కూర్చోబెట్టింది మేమే. దాన్నే భక్తి అని పొగిడాం. ఆ బిడ్డ ఇన్నాళ్ళూ మా అందరి ప్రాణాలూ మోస్తోంది, నిద్రలో కూడా.

కాదు కాదు అన్నాను. కింద కూర్చుని దాన్ని దగ్గరికి లాక్కుని చెప్పాను. పాపకు కడుపులోనే గుండె బాగలేదని డాక్టరమ్మ చెప్పింది, నువ్వు తెల్లవార్లూ ప్రార్థన చేసినా నిలిచేది కాదు, నీ నిద్రకూ దానికీ సంబంధం లేదు. నేను ప్రార్థన మానేసిన మాట నిజమే, నాకు దేవుడి మీద కోపం వచ్చింది, అయినా నేనేం చచ్చిపోలేదు చూడు అన్నాను. అత్త వింటోందని తెలిసే అన్నాను. దాచడానికి ఇంకేం మిగిలింది.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన ఆ రోజు బిడ్డను లేపకుండా ఎత్తుకొచ్చి పడుకోబెట్టింది నేనే కదా అని మా ఆయన గోడ వైపు తిరిగాడు.

మా అత్త అప్పటిదాకా మంచం మీదే ఉంది. ఇక మొదలుపెడుతుంది అనుకున్నాను. ఆమె మెల్లగా దిగి, మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని అమ్మాయి ముందు నేల మీద కూర్చుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె ఎవరినీ క్షమాపణ అడగడం నేను చూడలేదు. కొడుకును కాదు, నన్ను కాదు, ఆఖరికి అయ్యగారిని కూడా కాదు. ఆమె ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"తల్లీ, ఆ పని నీకు పెట్టింది నేను. అది బిడ్డకు పెట్టే పని కాదు. తప్పు నాది. నన్ను క్షమించు" అంది.

అమ్మాయి అవ్వను కాసేపు చూసింది, తర్వాత నన్ను, నాయనను చూసింది. మేం ముగ్గురం ఒకే మాట మీద ఉన్నామా లేదా అని చూసుకుంటున్నట్టుంది.

"అయితే నేను ప్రార్థన సెయ్యకుండా పడుకుంటే ఏమీ కాదా?"

"ఏమీ కాదు" అంది మా అత్త.

"ఎవురూ సచ్చిపోరా?"

"ఎవురూ పోరు తల్లీ. దేవుడు మేలుకోనుండాడు. నువ్వు పడుకో."

అది అక్కడే, చాప కూడా వేయకముందే, అవ్వ ఒడిలో తల పెట్టి పడుకుంది. ఆటకు పిలవడానికి వీధి పిల్లలు వచ్చి పోయారు. సాయంత్రమైంది, దీపాలు పెట్టే వేళ దాటింది, అది కదల్లేదు. నోరు తెరుచుకుని, చొంగ కార్చుకుంటూ, చంటిపిల్లలా నిద్రపోతోంది. అది అంత నిద్ర పోవడం నేను చూసి ఎన్నాళ్ళయిందో. చూస్తూ ఉంటే నాకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. ప్రభువా, దీన్ని నిద్రపోనివ్వు అనుకున్నాను. అనుకున్నాక తెలిసింది, అది ప్రార్థన అని.

మా ఆయన బైబిలు తెచ్చి కూర్చుని, అలవాటు ప్రకారం అత్త వైపు చూశాడు. అత్త ఒడిలో ఉన్న తల మీద చెయ్యి తీయకుండా, "ఈ పొద్దు పాట వద్దు, బిడ్డ లేస్తుంది" అంది.