బతికిందిరా ఓడ!

మా సోషల్ మాస్టారు పోయిన నెలలో ఒక ఆదివారం కన్నుమూశారు. ఫోనులో కబురు వినగానే నా నోట వచ్చిన మొదటి మాట, "ఎవరు చూశారు?" అవతలివాళ్లు నొచ్చుకునే ఉంటారు. కానీ ఆ ప్రశ్న ఆయన నేర్పిందే.

మాస్టారి తండ్రి రెండో ప్రపంచ యుద్ధకాలంలో సరుకు ఓడలో బొగ్గు వేసేవాడు. మాస్టారు కడుపులో ఉండగా ఓడ జాడ లేకుండా పోయింది. మన తీరానికి ఎదురుగా దాన్ని ముంచేశామని శత్రు జలాంతర్గామి రికార్డులో ఉందని తర్వాత తెలిసింది. తల్లి మాత్రం చర్చి శ్మశానంలో భర్త పేరుతో ఒక రాయి పాతించి, పోయిన తేదీ చెక్కే జాగా ఖాళీగా వదిలేసింది.

"దెబ్బ కొట్టి, ప్రాణభయంతో నీళ్ల అడుగుకు దిగిపోయిన ఆ కెప్టెన్ ఓడ మునగడం ఎట్ట చూసినాడురా? చప్పుడు విన్నాడు, మునిగిందని రాసుకున్నాడు!" అనేవారు మాస్టారు.

రిటైరయ్యాక రేవుల రిజిస్టర్ల నకళ్లు తెప్పించుకుని, శత్రు జలాంతర్గాముల రికార్డులతో సరిచూడటమే ఆయన పని. ఒకరోజు చెప్పులు కూడా లేకుండా మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు. "బతికిందిరా ఓడ! మునిగిందని రాసిన రెండు వారాలకు కొలంబోలో సరుకు దించిందిరా!" నేనిచ్చిన కాఫీ చేతిలో ఒలికిపోతున్నా చూసుకోలేదు. అది ఆయన తండ్రి ఓడ కాదు. ఎవరి తండ్రో ఇంటికి చేరాడని ఆ సంబరం! నాకూ ఒళ్లు పులకరించింది.

నిరుడు నేనో తప్పు చేశాను. సముద్రంలో ఒకేచోట వలలు చిక్కుకుని చిరుగుతున్నాయని విని, "మాస్టారూ, మీ నాయన ఓడ దొరికింది!" అని ఫోన్ చేశాను. ఆ వయసులో పడవెక్కారు. చర్చి శిఖరం, సరుగుడు తోపు కొస ఒకే గీతలోకి వచ్చేచోట ముసలి జాలరి పడవ ఆపాడు.

"ఈ గుర్తు మా తాతకు వాళ్ల నాయన చెప్పినాడు సార్. అప్పుడే వలలు చిరిగేవంట."

మాస్టారు నా వీపు మీద చరిచారు. "అయితే ఇదేదో యుద్ధానికి ముందునించే ఈడ ఉండాదిరా! నువ్వూ ఆ కెప్టెన్ మాదిరే రాసేసినావు గదా!" పడవ ఊగేలా నవ్వారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నీళ్ల వంకే చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు నా తొందరపాటుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన్ను తండ్రి రాయి పక్కనే ఉంచాం. నిన్న రాళ్లు చెక్కే అతను వచ్చి మాస్టారి పేరు, తేదీ చెక్కాడు. తర్వాత పక్క రాయి మీది జాగా చూసి, ఉలి అటు తిప్పాడు.

"దీనికీ తేదీ వేసేదా సార్? పన్లో పనిగా అయిపోతాది."

"వద్దన్నా! వద్దు!" నా కేకకు అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు.

అతను ఉలి తీసేశాడు. ఆ ఖాళీ జాగా మీద పడిన రాతిపొడిని నోటితో మెల్లగా ఊదాడు.