పాత జీపు, కొత్త బ్రేకు

తొక్కు, పట్టు, వదులు. రెండేళ్ల పాటు మా ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలంటే ఎక్కువగా ఇవే. మా ఆయన రేకుల షెడ్డులో జీపు కింద వెల్లకిలా పడుకొని చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసేవాడు. నేను పైన కూర్చొని బ్రేకు తొక్కేదాన్ని. అలా తొక్కితే పైపులో ఇరుక్కున్న గాలి నూనెతో పాటు బుడగలుగా బయటికి వస్తుంది. ఆయన నట్టు బిగించేదాకా నేను కాలు తీయకూడదు. తీశానా, పోయిన గాలి మళ్లీ లోపలికి, పని మళ్లీ మొదటికి. పొద్దున్నుంచీ ఐదు తరగతుల పిల్లలతో అరిచి అరిచి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే నాకీ తొక్కుడు.

"తొక్కినావా?"

"తొక్కినా."

"గట్టిగా తొక్కు మేడమ్. మధ్యాన్నం అన్నం తినలేదా?"

"నువ్వు వండి పెట్టింటే తినేదాన్ని."

కిందనుంచి నవ్వేవాడు. నేను నవ్వించడానికి అన్నది కాదు అది. నిజంగానే ఆకలి మీద ఉండేదాన్ని.

మేడమ్ అనే పిలుపు పెళ్లికి ముందునుంచీ ఉన్నదే. నా మొదటి ఉద్యోగం కనుమ మీది పల్లెలో, ఒకే టీచరున్న బడిలో. కదిరి నుంచి ఆ పల్లెలకు ఆయన ట్రిప్పు జీపు తోలేవాడు. పదిమంది పట్టే బండిలో ఇరవైమందిని కూరేవాడు. నాకు మాత్రం ముందు సీటు ఉంచేవాడు. ఆ ముందు సీటు పెళ్లిదాకా తీసుకొచ్చింది. రెండిళ్లలోనూ పెద్ద గొడవే అయింది, అదంతా ఇప్పుడెందుకు. పెళ్లయి పాతికేళ్లయినా ఆయన నోట్లో నేను మేడమ్‌గానే ఉండిపోయాను.

ఆరేళ్ల కిందట ఆయన కుడి మోకాలు మొరాయించింది. గుజ్జు అరిగిపోయిందన్నాడు డాక్టరు. మాత్రలు మింగుతూ, పట్టీ కట్టుకొని కొన్నాళ్లు తోలాడు. ఒకరోజు కదిరి రోడ్డు మీద ఒక దూడ అడ్డం వచ్చింది. కాలు బ్రేకు మీదికి పోయింది గాని బలంగా దిగలేదు. దూడ వెంట్రుకవాసిలో తప్పించుకుంది. బండి నిండా జనం. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం ఆయన జీపును షెడ్డులో పెట్టి, పైన టార్పాలిన్ కప్పి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బ్రేకు తొక్కలేనోడు జనాన్ని ఎక్కించుకోగూడదు," అన్నాడు. అంతే. నన్నొక మాట అడగలేదు, ఎవరూ మానమని చెప్పలేదు.

తర్వాత నాలుగేళ్లు మంచమే. జబ్బు కాదు, గోడవైపు తిరిగి పడుకోవడం. పలకరిస్తే ఊ అంటాడు, లేకపోతే అదీ లేదు. జీపు వెనక సీటులో పక్కింటి కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. ఎలుకలు దూది లాగి గూడు కట్టుకున్నాయి. వాటికున్న హుషారులో పావు వంతు ఈ మనిషికుంటే చాలు దేవుడా అనుకునేదాన్ని.

ఆయన్ను మంచం మీదనుంచి లేపింది నేను కాదు, మెకానిక్ భాయ్. కదిరిలో షాపు ఆయనది, మా ఆయన ట్రిప్పులు తోలిన రోజులనుంచీ స్నేహం. ఒక ఆదివారం చూడటానికి వచ్చి, కోళ్లను తోలి, టార్పాలిన్ ఎత్తి చూసి ఇలా అన్నాడు: "అన్నా, ముందర చక్రాలకు డిస్కు బ్రేకులు ఏస్తాం. పైన బూస్టరు పెడతాం. నువ్వు బలంగా తొక్కే పనే లేదు. కాలు ఆనిస్తే సాలు, బండి నిలబడుతుంది."

"ఆనిస్తే సాలా?"

"సాలన్నా. సన్నపిల్లోడు తొక్కినా నిలబడుతుంది."

మా ఆయన మంచం మీదనుంచి కాళ్లు కింద పెట్టాడు. ఆ కాళ్లు కింద పెట్టడం చూసి నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ రోజు సంతోషంతో ఏడ్చిన మాట నిజం. తర్వాత రెండేళ్లూ ఏడ్చింది మాత్రం ఒళ్లు నొప్పులతో.

అబ్బబ్బా, ఏమి పనో అది! అడుగు రేకు తుప్పుపట్టి, లోపల కూర్చుంటే కింద నేల కనబడేది. దాన్ని కోసి కొత్త రేకు అతికారు. బాడీ మొత్తం ఎత్తి, ఛాసిస్‌ను వైరు బ్రష్షుతో గీకారు. గీకింది ఎవరు? మోకాలు వంగనివాడు కింద సగం గీకితే, పై సగం నేను. పాత సామాన్ల అంగట్లో దొరికిన కారు సీట్లు తెచ్చి బిగించారు. ఆదివారం భాయ్ వచ్చి వెల్డింగు, బరువు పనులు చేసిపోయేవాడు. మిగతా ఆరు రోజులకు సహాయకురాలిని నేనే. టార్చి పట్టుకో, స్పానరు అందించు, ఇది ఎత్తు, అది నొక్కు. మా వీధి కొళాయిలో నీళ్లొచ్చేది నాలుగు రోజులకొకసారి. చేతుల గ్రీజు సబ్బుతో రుద్దడానికి రెండు చెంబుల నీళ్లు కూడా ఆలోచించి వాడాలి. బడిలో పిల్లలు నా గోళ్లు చూసి, "మేడమ్, మీరు కూడా సేద్యం చేస్తారా?" అని అడిగారు. అవునన్నాను.

బూస్టరు పెట్టిన ఆదివారం బాగా గుర్తు. ఇంజన్ పక్కన బిగించే గుండ్రని ఇనప డబ్బా అది. మా ఆయన వీధి చివరికి టీ తేవడానికి పోయాడు. భాయ్ నట్లు బిగిస్తూ నాతో అన్నాడు: "అక్కా, ఇది ఇంజన్ తిరిగినంతసేపే పని చేస్తాది. ఇంజన్ ఆపేస్తే ఒక తూరి, రెండు తూర్లు పడుతుంది బ్రేకు. మూడో తూరికి రాయి అయిపోతాది. అన్న పాత బండికి అలవాటు పడినోడు. నేను మరిచిపోతానేమో, నువ్వు చెప్పు."

చెబుతానన్నాను. చెప్పేదాన్నే. భాయ్ పోయాక లోపలికి వెళ్తే, నా పిండి కలిపే బేసిన్‌లో డీజిల్ పోసి బేరింగులు నానబెట్టి ఉన్నాయి. పెళ్లినాటినుంచీ వాడుతున్న బేసిన్. నా ఒళ్లు మండిపోయింది. "ఇంట్లో ఇంక నేనెందుకు, నన్ను కూడా డీజిల్‌లో నానేయ్," అని అరిచాను. ఆయన కూడా ఏదో అన్నాడు. మూడు రోజులు మాటల్లేవు. మాటలు కలిసేసరికి భాయ్ మాట నా బుర్రలోంచి ఎగిరిపోయింది. ఇందులో అబద్ధం లేదు, నిజంగానే మరిచిపోయాను.

పని పూర్తయింది. మొదటి ప్రయాణం కనుమకే అన్నాడు. ఇంకెక్కడికి పోతాడు! పొద్దున్నే ఇద్దరమే బయలుదేరాం. మా వీధి మూలమీద ఊరికే ఒకసారి బ్రేకు మీద కాలు ఆనించి చూశాడు. బండి మెత్తగా నిలబడింది. నావైపు తిరిగి, "చూసినావా మేడమ్!" అన్నాడు. ఆ మొహం చూసి నా రెండేళ్ల అలసటా దిగిపోయిందంటే అబద్ధమవుతుంది. కొంచెం దిగింది.

కనుమ ఎక్కాం. వానల్లేక కొండంతా ఎండు బోదగడ్డే. మొదటి పల్లెలో టీ తాగాం. "ఏమన్నా, మల్ల తోలతాండావా? ఆటోవోళ్లు ఈడికి ఎక్కమంటే ఎక్కరు," అని చుట్టూ మూగారు ఆడవాళ్లు. "వచ్చే వారం నుంచి వస్తా," అని అందరికీ మాటిచ్చేశాడు. దారిపొడుగునా ఈల వేశాడు.

దిగేటప్పుడు, పై మలుపు దాటగానే, ఇంజన్ ఆపే గుండీ లాగి బండిని న్యూట్రల్‌లో వేశాడు. ఆ కనుమలో ట్రిప్పు జీపులు తోలిన ప్రతివాడూ చేసే పని అది. కిందిదాకా వాలే కదా, డీజిల్ ఎందుకు కాల్చాలి అని. అట్లా మిగిలిన డీజిల్‌తోనే మా ఇంట్లో చాలా పనులు జరిగాయి. నేను కూడా ఆ నిశ్శబ్దంలో కొన్ని వేలసార్లు దిగినదాన్నే. నాకు అందులో తేడా ఏమీ తోచలేదు. కొంగు సర్దుకొని హాయిగా కూర్చున్నాను.

మొదటి మలుపులో బ్రేకు బాగానే పడింది. రెండో మలుపులో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మూడో మలుపుకు సీటులోంచి లేచి, స్టీరింగు పట్టుకొని, ఒళ్లంతా ఆ కాలి మీద వేసి తొక్కుతున్నాడు. బండి ఆగడం లేదు. "పట్టుకో!" అని అరిచాడు. హ్యాండ్ బ్రేకు లాగుతూనే, రోడ్డు పనికి పక్కన పోసిన కంకర కుప్పలోకి బండిని తిప్పేశాడు. నా మోచెయ్యి డాష్‌బోర్డుకు కొట్టుకుంది. ముందు బంపరు వంగింది. అంతకుమించి ఏమీ కాలేదు. ఆ కుప్ప లేకపోతే పక్కన లోయే.

దుమ్ము అణగకముందే నాకు భాయ్ మాట గుర్తొచ్చింది. ప్రతి ముక్కా గుర్తొచ్చింది.

ఆయన రెండు చేతులతో మోకాలు పట్టుకొని కూర్చున్నాడు. "సచ్చిపోయింది మేడమ్. కాలు సచ్చిపోయింది. ఎంత తొక్కినా దిగలేదు." 

నేను నోరు తెరిచాను. తప్పు నాదని తెలిస్తే ఏమంటాడోనన్న భయంతో మూసుకున్నాను. ఇంతలో ట్రాక్టరువాళ్లు వచ్చారు. తాడు కట్టి లాగారు. ఆయన మళ్లీ స్టీరింగు ముందు కూర్చోనన్నాడు. వాళ్ల మనిషే కూర్చొని ఇంటిదాకా తెచ్చాడు. ఇంటికొచ్చి ఇద్దరమే ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. మంచం మీద కూర్చోగానే ఆయనే అన్నాడు: "ఇంక సాలు. అమ్మేద్దాం."

ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

నాలుగు రోజులు చెప్పలేదు. బడినుంచి వచ్చి కాళ్లు కడుక్కొని ఫ్యాను కింద కూర్చున్నాను. పిల్లల నోటుపుస్తకాలు వెలుతురుండగానే దిద్దాను. రెండేళ్లలో ఎన్నడూ పట్టనంత నిద్ర పట్టింది. మంచిదే అయిందిలే అనుకున్నాను. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోకాలు ఎట్లాగూ లేదు, ఇంకో మలుపులో కంకర కుప్ప ఉండొద్దూ? ఇవన్నీ నిజాలే. అందుకే వాటి వెనక దాక్కోవడం సులువైంది. అవతల మంచం మీద ఆయన పిడికిలితో మోకాలిని గుద్దుకునేవాడు. "తిండి దండగ దానా, ఇంగెందుకు నువ్వు, పోయి యాడన్నా సావు," అని కాలిని తిట్టేవాడు. నేను సంగటి గెలుకుతూ వినేదాన్ని. రేపు చెబుదాం అనుకునేదాన్ని. ఒక్కో రేపూ గడిచేకొద్దీ అది చెప్పలేని మాట అయిపోయింది.

ఐదో రోజు గోరంట్ల వైపునుంచి ఒకాయన బండి చూడటానికి వచ్చాడు. టమాటా తోట ఉందట. చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, సీట్లు నొక్కి చూశాడు. వంగిన బంపరు దగ్గర ఆగాడు. "ఏమన్నా, బ్రేకు తక్కువుండాదా ఏం?"

"బ్రేకులో ఏ దోషమూ లేదప్పా," అన్నాడు మా ఆయన. "భాయ్ బంగారంగా చేసినాడు. నా కాలే పనికిరాకుండా పోయింది. నన్నేమన్నా అను, బండిని మాత్రం అనొద్దు."

నేను కాఫీ గ్లాసులతో గడప దగ్గర ఉన్నాను. ఇంక నావల్ల కాలేదు. "కాలు కాదు," అన్నాను. "బూస్టరు. ఇంజన్ ఆపితే మూడో తూరికి బ్రేకు రాయి అవుతుందని భాయ్ నాకు చెప్పినాడు. నీకు చెప్పమన్నాడు. నేను చెప్పలేదు."

ఆయన నావైపు చూడకుండా వెళ్లి జీపెక్కాడు. ఇంజన్ వేసి బ్రేకు తొక్కాడు. మెత్తగా దిగింది. ఇంజన్ ఆపాడు. ఒకసారి తొక్కాడు, దిగింది. రెండోసారి సగమే. మూడోసారి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కినా కదల్లేదు. మళ్లీ ఇంజన్ వేశాడు. మళ్లీ మెత్తగా దిగింది. సంతోషిస్తాడనుకున్నాను. ఊరికే మోకాలిని నిమురుతూ కూర్చున్నాడు. కాసేపటికి ఆ వచ్చినాయనతో, "అమ్మేది లేదప్పా. ఏమనుకోవాకు," అన్నాడు. ఆ మనిషి కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

"భాయ్ ఎప్పుడు చెప్పినాడు?"

"అది బిగించిన దినమే."

"మరిచిపోయినావు."

"ఊ."

"మల్ల ఎప్పుడు గుర్తొచ్చింది?"

ఇప్పుడే అనొచ్చు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "కంకర కుప్ప కాడనే," అన్నాను.

ఆయన మోకాలి మీది చెయ్యి తీశాడు. "నాలుగు దినాలు నేను ఈ కాలిని తిట్టుకుంటాంటే, నువ్వు వంటింట్లో నుంచి వింటాంటివి గదా," అన్నాడు.

గొంతులో కోపం లేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, అది నాకు బాగా చేతనవును.

"అలిసిపోయినానయ్యా," అన్నాను. అంతకంటే పెద్ద నిజం నా దగ్గర లేదు.

ఆయన జీపును వెనక్కి తీసి రోడ్డెక్కించాడు. కనుమవైపే తిప్పాడు. రెండేళ్లుగా నేను పక్కన లేకుండా ఆ బండికి ఒక్క నట్టు కూడా బిగించింది లేదు. ఎక్కమంటాడేమోనని గ్లాసులు చేతిలోనే పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డాను. అనలేదు.