కనకవ్వ రాయించిన వయసు

గోదావరిఖనిలో ఆ బాలికల ఆశ్రమానికి కనకవ్వ వంటమనిషిగా వచ్చి పదిహేనేళ్ళయింది. యాభై మందికి అన్నం వార్చడం ఆమెకు ఒక లెక్క కాదు. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లను గేటు దాకా సాగనంపడమే ఆమెకు చేతకాని పని. పైవాళ్ళకు మాత్రం అది ఒక్క సంతకంతో అయిపోతుంది. నిన్నటిదాకా సబ్బుబిళ్ళ నుంచి దుప్పటి దాకా ఇచ్చినవాళ్ళే, తెల్లారేసరికి పెద్దదానివయ్యావు, పోయి బతుకు అంటారు. వెళ్ళే ప్రతి పిల్ల చున్నీ అంచునా కనకవ్వ పిడికెడు బియ్యం, పసుపు కొమ్ము ముడివేసేది. ఆడపిల్లను ఉత్త చేతులతో పంపకూడదని ఆమె పట్టు. అట్లా పదకొండు మందిని పంపింది. అందులో ముగ్గురు ఎక్కడున్నారో, అసలు ఉన్నారో లేదో తెలియదు.

పన్నెండో పిల్ల సారలమ్మ. ఈసారి కనకవ్వ ఏడుపు వేరు. ఎందుకంటే సారలమ్మకు నిజంగా నిండింది పద్దెనిమిది కాదు, పదహారు. ఆ రెండేళ్ళు కలిపింది కనకవ్వే.

పన్నెండేళ్ళ కింద, గోదావరి ఒడ్డున జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో తప్పిపోయిన పిల్లను పోలీసులు తెచ్చి ఆశ్రమంలో దించారు. కారే ముక్కు, గుప్పిట్లో బెల్లం ముక్క, పేరడిగితే ఏడుపు. జాతరలో దొరికింది కదా అని సారలమ్మ అని రాసుకున్నారు. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. ఆరేళ్ళలోపు పిల్లలను అక్కడ ఉంచరు, కరీంనగర్ శిశుగృహానికి పంపేస్తారు. పిల్లేమో వచ్చినప్పటి నుంచి కనకవ్వ కొంగు వదలడం లేదు. నాలుగేళ్ళకు మించి ఉండవని ఆమెకు ఎత్తుకోగానే తెలిసిపోయింది.

"ఆరేళ్ళు నిండాయంటావా, కనకవ్వా?" అని అడిగింది సూపరింటెండెంటు మీనాక్షమ్మ.

"నిండినయమ్మా. తిండి లేక గింతే ఉన్నది."

అది అబద్ధమని కూడా కనకవ్వకు తోచలేదు. బొగ్గుబాయి మనుషులకు వయసంటే పుట్టుకతో వచ్చేది కాదు, రాయించుకునేది. ఆమె భర్త పోశం కొలువులో చేరేనాడు మూడేళ్ళు తక్కువ రాయించుకున్నాడు. ఆ పుణ్యాన మూడేళ్ళు ఎక్కువ డ్యూటీ చేసి, దిగిపోయిన ఏడాదే దగ్గుతో పోయాడు. క్వార్టరు కూడా పోయింది. అప్పటి నుంచి ఆమె పడక ఆశ్రమం సామాన్ల గదిలోనే. అయినా బుద్ధి రాలేదు. కాగితం మీద అంకె మారిస్తే బతుకు మన వైపు తిరుగుతుందని ఇంకా నమ్మింది, పిచ్చిది.

ఇంటరు పరీక్షలయ్యేదాకా మీనాక్షమ్మ ఓపిక పట్టింది. పద్దెనిమిది దాటిన పిల్లలను చూసుకునే హాస్టలేదో హైదరాబాదులో ఉందంటే రాసి చూసింది. ఖాళీ లేదని జవాబొచ్చింది. ఇక ఆగలేక కనకవ్వ బస్సెక్కి పెద్దపల్లిలోని పిల్లల సంక్షేమ ఆఫీసుకు పోయింది.

"తప్పు నాదే సారూ. పిల్లకు పదహారే. నన్ను పనిలకెల్లి తీసేయుండ్రి, పిల్లను ఉంచుండ్రి."

"అవ్వా, పంపే ముందర అందరు గిదే చెప్తరు," అన్నాడు ఆఫీసరు. "పదో తరగతి మెమో మీద ఏమున్నదో గదే పుట్టినరోజు. ఇగ దాన్ని మార్చేటట్టు లేదు."

ఆయన చెడ్డవాడు కాదు, చాయ్ కూడా తాగించాడు. నాలుగు తిట్టినా కనకవ్వకు కొంత తేలికయ్యేది. పన్నెండేళ్ళకు నిజం చెబితే నమ్మే దిక్కు లేకపోయింది.

తిరిగొచ్చి, బియ్యంలో రాళ్ళేరుతూ సారలమ్మకు అంతా చెప్పేసింది. పిల్ల కోప్పడితే బాగుండేది. చేట పక్కన పెట్టి, "అయితే ఇంక రెండేండ్లు నేను ఈడనే ఉండేదాన్నా, అవ్వా?" అని మాత్రం అడిగింది. కనకవ్వ ఆ చేట అందుకుని, ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది.

కడకు మీనాక్షమ్మే తెలిసినవాళ్ళను అడిగి కరీంనగర్‌లో బట్టల షాపు ఒకటి చూసింది. పనిచేసే అమ్మాయిలకు పైన గది ఇస్తారు. పిల్లను తీసుకుపోవడానికి షాపు నుంచి ఒకావిడ ఆటోలో వచ్చింది. కనకవ్వ అప్పుడే చున్నీకి బియ్యం ముడివేసింది. ఆవిడ సారలమ్మను కింది నుంచి మీదికి చూసింది.

"ఏంది, గింతున్నది? పద్దెనిమిది నిండకుంటే మా మీద కేసయితది. నేను తీస్కపోను."

మీనాక్షమ్మ మెమో చాపింది. ఆవిడ చెయ్యి చాపలేదు.

"కాగితాలు మస్తు చూసిన మేడం. పెంచిన అవ్వ చెప్పనియ్యుండ్రి. నిండినయా అవ్వా?"

నిజం చెబితే ఆ గది కూడా పోతుంది. ఆశ్రమం రిజిస్టరులో పొద్దుననే పేరు కొట్టేశారు. సారలమ్మ కనకవ్వ మొహంలోకే చూస్తోంది.

"నిండినయమ్మా," అన్నది కనకవ్వ. "తిండి లేక గింతే ఉన్నది."

పన్నెండేళ్ళు తన చేతి అన్నం తిని పెరిగిన పిల్ల గురించి, ఆ పిల్ల ముందే, ఆ మాట అన్నది. సారలమ్మ సంచి తీసుకుని ఆటో ఎక్కింది.